ఇడియమ్స్ పుట్టిన పనిముట్లు మన బజారులోనే ఉండేవి

పదో తరగతి ఇంగ్లీషు గైడు చివర్లో ఇడియమ్స్ జాబితా ఉండేది. ఎడమ పక్క ఇడియం, కుడి పక్క అర్థం, మధ్యలో నిలువు గీత. "బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్ అనగా రాత్రి పొద్దుపోయేవరకు చదువుట" అని ఊగుతూ, పైకి అంటూ బట్టీ పట్టిన తరం మనది. కరెంటు పోతే ఆ పేజీని లాంతరు ముందుకు జరుపుకునేవాళ్ళం. ఇడియంలోని ఆయిల్ ఎదురుగా కాలుతూనే ఉండేది. ఆ మాటకీ ఈ దీపానికీ చుట్టరికం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ లాంతరు ఎంత పని చెప్పేదో గుర్తు చేసుకోండి. పొద్దు వాలగానే చిమ్నీ తీసి ముగ్గుపిండితోనో పాత పేపరుతోనో తుడవాలి. వత్తి కొసను కత్తెరతో సమంగా కత్తిరించాలి. ఒక మూల ఎత్తుగా మిగిలితే మంట అటే సాగి గాజు మసిబారుతుంది. వత్తిని మరీ పైకి తిప్పితే వెలుగు పెరగదు, పొగ పెరుగుతుంది. కిరోసిను రేషనుది, నెలంతా సరిపెట్టుకోవాలి. ఒక రాత్రి ఎక్కువసేపు చదివితే తెల్లారి సీసాలో మట్టం తగ్గి కనిపిస్తుంది. ఇడియం బరువంతా ఆ తగ్గిన మట్టంలో ఉంది. ఊరికే మేలుకుని ఉండటాన్ని అలా అనరు, పని కోసం, ఖర్చుకు ఓర్చుకుని మేలుకుంటేనే అంటారు. రాత్రి రెండింటిదాకా సినిమా చూసినవాడికి ఈ మాట నప్పదు. గైడులో కుడి పక్క రాసిన అర్థానికి ఈ తేడా అందలేదు.

ఇంగ్లీషు నుడికారంలో పెద్ద భాగం ఇలా చేతిపనుల్లోంచి వచ్చిందే. కొలిమి, మగ్గం, ఓడ, తుపాకి, అచ్చు, టైపు మిషను, టెలిఫోను. వీటిలో సగానికి పైగా 1990ల దాకా మన బజార్లలో కళ్ళ ముందు నడుస్తూనే ఉన్నాయి. పనిముట్టును చూసినవాళ్ళకి ఇడియం అర్థమే కాదు, దాని హద్దు కూడా తెలుస్తుంది.

కొలిమి నుంచే మొదలుపెడదాం. "స్ట్రైక్ వైల్ ద ఐరన్ ఈజ్ హాట్." తొలకరికి ముందు నాగలి కర్రులు సాగగొట్టించుకోవడానికి రైతులు కమ్మరి పాక ముందు వరస కట్టేవారు. ఒకరు తిత్తి ఊదుతారు, బొగ్గుల నడుమ ఇనుము రంగు మారుతుంది. ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు. కమ్మరికి థర్మామీటరు ఆ రంగే. నారింజ దాటి పసుపుకి తిరిగేటప్పటికి ఇనుము 1000 డిగ్రీలు దాటి ఉంటుంది. అప్పుడు పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టాలి. పెద్ద కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో తట్టి చూపిస్తాడు, ఎదురుగా ఉన్న మనిషి సరిగ్గా అక్కడే సమ్మెట వేస్తాడు. సన్నటి కడ్డీ అయితే పావు నిమిషానికే చల్లబడి ముదురు ఎరుపుకి వచ్చేస్తుంది. ఆ తర్వాత కొడితే సాగదు, అంచులు పగుళ్ళిస్తాయి. చల్లారిందని తెలిసీ కొట్టడం కొట్టకపోవడం కన్నా చేటు. ఇడియంలో తొందర ఒక్కటే కాదు, ఈ హెచ్చరిక కూడా ఉంది. అదను దాటాక బలం వాడితే వస్తువే పాడవుతుంది.

దీని పక్కనే "టూ మెనీ ఐరన్స్ ఇన్ ద ఫైర్" ఉంది. చాలా పనులు నెత్తిన పెట్టుకోవడం అని అర్థం రాసేవాళ్ళం. అసలు సంగతి నిప్పులో మర్చిపోయిన కడ్డీ దగ్గర తెలుస్తుంది. ఒకటి కొడుతుండగా మిగిలినవి కాలుతూనే ఉంటాయి. పసుపు దాటి తెలుపుకి తిరిగి చిటపట రవ్వలు రాల్చిన ఉక్కు ఇక చచ్చినట్టే. దాన్ని మళ్ళీ కాల్చి బాగుచేయలేరు, ఆ ముక్క కోసి పారేయాలి. కాబట్టి ఈ మాట తీరిక లేకపోవడం గురించి కాదు, చూసుకోక చేజారిపోయేవాటి గురించి. "హామర్ అండ్ టాంగ్స్" కూడా అక్కడిదే. సమ్మెట, పట్టకారు విరామం లేకుండా ఆడుతుంటే వచ్చే ఆ హోరును జోరైన పోట్లాటకీ, పట్టుపట్టి చేసే పనికీ వాడతారు.

అదే కొలిమి మనకి వేరే మాట ఇచ్చింది. "కర్రు కాల్చి వాత పెట్టారు" అని ఎన్నికల ఫలితాల రోజు ఇప్పటికీ వింటాం. అదను సంగతికి వస్తే మనవాళ్ళు కొలిమిని కాకుండా దీపాన్నీ కళ్ళాన్నీ పట్టుకున్నారు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి", "గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి." ఈ రెండోదాన్ని "మేక్ హే వైల్ ద సన్ షైన్స్" పక్కన పెట్టి చూడండి. ఇంగ్లండులో కోసిన గడ్డి ఎండడానికి వరసగా రెండు మూడు రోజులు ఎండ కాయాలి. అక్కడ అదే అరుదు. పచ్చిగా వాము వేస్తే లోపల వేడి పుట్టి, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది కూడా. మన కళ్ళంలో ఎండకు కరువు లేదు. చేట ఎత్తి నిలబడితే గాలే రాదు. ఎవరికి ఏది కరువో వాళ్ళ సామెత దాని మీదే పుట్టింది. ఈ ఒక్క జంటను పిల్లలకి పక్కపక్కన చూపిస్తే చాలు, రెండు భాషల్లోనూ మళ్ళీ మర్చిపోరు.

మగ్గం మాటలు మనకి ఇంకా దగ్గర. షటిల్ అంటే మన వీధిలో బ్యాడ్మింటన్, రైల్వే స్టేషనులో ఇటూ అటూ తిరిగే చిన్న రైలు. రెండింటికీ పేరు మగ్గంలోని నాడె నుంచి వచ్చింది. పేక నూలు కండెను పొట్టలో పెట్టుకుని పడుగు మధ్య నుంచి ఈ అంచు నుంచి ఆ అంచుకి, మళ్ళీ ఆ అంచు నుంచి ఈ అంచుకి దూసుకెళ్ళే పడవ లాంటి కర్ర. చీరాలలోనో మంగళగిరిలోనో మగ్గం గుంట పక్కన నిలబడినవాళ్ళకి షటిల్ సర్వీస్ అంటే ఏమిటో నిఘంటువులో వెతుక్కునే పని లేదు.

"డైడ్ ఇన్ ద వుల్" అన్నదాన్ని పోచంపల్లి చూసినవాళ్ళు ఇట్టే పట్టుకుంటారు. రంగు మూడు దశల్లో వేయొచ్చు: వడకకముందు పీచుకి, వడికాక నూలుకి, నేశాక బట్టకి. నేసిన బట్టను రంగులో ముంచితే పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట రంగు సరిగ్గా లోపలికి దిగదు. పీచు దశలోనే రంగు పట్టించిన ఉన్నిని ఎక్కడ కత్తిరించినా లోపల అదే రంగు. పోచంపల్లి చిటికిలో నూలు దశలోనే ముడులు కట్టి రంగు వేస్తారు, అందుకే చీర రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మనిషి స్వభావమో రాజకీయ నమ్మకమో మొదట్నించీ లోలోపలికి ఇంకిపోయి ఉంటే ఇంగ్లీషువాళ్ళు ఈ మాట అంటారు. మన "పుట్టుకతో వచ్చిన బుద్ధి" దీనికి దగ్గరగా వస్తుంది కానీ అందులో కాస్త నింద ఉంది, ఇంగ్లీషు మాటలో అది తప్పనిసరి కాదు.

"ఆన్ టెంటర్‌హుక్స్" దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తప్పు పలుకుతారు, "టెండర్" అంటారు. టెంటర్ అంటే ఉన్ని బట్టను ఆరబెట్టే పొడవాటి చెక్క చట్రం. తడిపి తొక్కిన ఉన్ని బట్ట ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. అందుకని చట్రం పొడవునా వంపు తిరిగిన మేకులు కొట్టి, బట్ట అంచులను వాటికి తగిలించి లాగి కట్టేవారు. ఆరేదాకా బట్ట కదల్లేదు, సడలలేదు. పరీక్ష ఫలితాల ముందు రాత్రి మనిషి పరిస్థితి అదే. మనవాళ్ళు "ముళ్ళ మీద కూర్చున్నట్టుంది" అన్నారు. రెండు భాషలకీ కొనదేలిన వస్తువే తోచింది.

ఓడ మాటలు మాత్రం మనకి కొంచెం దూరం. గోదావరి పాయ మీది కోరంగిలో ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టారు, మరమ్మతులు చేశారు. 1839 ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఆ తర్వాత పుట్టిన మనకి తెరచాప అంటే పుస్తకంలో బొమ్మ. అందుకే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

"టు ద బిటర్ ఎండ్" అన్నదాన్ని అనువాదాల్లో "చేదు ముగింపు" అని రాయడం చూస్తుంటాం. చేదుకీ దీనికీ సంబంధం లేదని, ఇది ఓడ మాటేనని ఎక్కువమంది చెబుతారు. డెక్కు మీద లంగరు మోకును చుట్టి బిగించడానికి బలమైన గుంజలు ఉంటాయి, వాటిని బిట్స్ అంటారు. గుంజకి అవతల నీళ్ళలో ఉన్నది మోకులో ఒక భాగం, ఇవతల ఓడలో మిగిలి ఉన్నది ఇంకో భాగం. ఈ ఇవతలి కొసకి ఆ గుంజల పేరే పెట్టారు. 1627లోనే కెప్టెన్ జాన్ స్మిత్ ఓడ పనుల గురించి రాస్తూ దీన్ని ఇలాగే వివరించాడు. మోకు వదులుతూ వదులుతూ ఆ కొసదాకా వచ్చారంటే ఇక వదలడానికి ఏమీ లేదని లెక్క. కాబట్టి తెలుగులో "కడదాకా", ఇంకా బాగా చెప్పాలంటే "కొసకంటా". చివర గెలుపే రావచ్చు, అయినా ఈ మాట వాడొచ్చు.

"త్రీ షీట్స్ టు ద విండ్" ఇంకో ఉచ్చు. షీట్ అంటే దుప్పటో కాగితమో అనుకుంటాం. ఓడ భాషలో అది తెరచాప కింది మూలను పట్టి ఉంచే తాడు. ఆ తాళ్ళు మూడు ఊడితే చాపలు గాలికి టపటపా కొట్టుకుంటాయి, ఓడ అటూ ఇటూ తూలుతుంది. తప్పతాగినవాడి నడక అది. "టేకెన్ అబ్యాక్" కూడా చాప గురించే. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగి చాపలను వెనక్కి, కొయ్యకు అంటుకునేలా నొక్కేస్తే పోతున్న ఓడ ఠక్కున ఆగిపోతుంది. మన భాషలో "కొయ్యబారిపోయాడు" అనే మాట దీనికి ఎంత చక్కగా అమరిందో చూడండి. ఇక "బై అండ్ లార్జ్": బై అంటే గాలికి ఎదురుగా, లార్జ్ అంటే గాలి వెనక నుంచి వీస్తుండగా. రెండు రకాలుగానూ నడిచే ఓడ అన్నమాట. అక్కడి నుంచే "మొత్తమ్మీద" అనే అర్థం.

తుపాకి మాటలు రెండే చెప్పి వదిలేస్తాను. పాతకాలపు చెకుముకి తుపాకిలో పక్కన ఒక చిన్న పళ్ళెం ఉంటుంది, దాన్లో చిటికెడు మందు పోస్తారు. చెకుముకి రవ్వ దాన్ని అంటిస్తే, ఆ మంట సన్నటి బెజ్జం గుండా గొట్టంలోని అసలు మందుకి చేరాలి. బెజ్జం పూడిపోయినా, లోపలి మందు చెమ్మగిల్లినా పళ్ళెంలో భగ్గుమని వెలుగు వస్తుంది, గుండు మాత్రం కదలదు. అదే "ఫ్లాష్ ఇన్ ద పాన్". ఒక్క హిట్టుతో మెరిసి మాయమైనవాళ్ళ గురించి అంటారు. ఇందులో పాన్ వంటింటిది కాదు. మన "తుస్సుమంది" దీనికి సరిపోదు, ఎందుకంటే తుస్సుమన్నదానికి మొదటి మెరుపు కూడా ఉండదు. ఇక "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్" ఆ తుపాకి మూడు భాగాలే: నిప్పు పుట్టించే యంత్రం, చెక్క దిమ్మ, గొట్టం. మూడూ కలిస్తే మొత్తం. మనకి "తట్టాబుట్టా" ఉంది.

ఆఫీసు ఇంగ్లీషు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన బతుకంతా దాంతోనే గడిచింది. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్." ఈ ఒక్క వాక్యం రాయని చెయ్యి ఉందా? తలనొప్పి వచ్చినా జ్వరమే, అక్క పెళ్ళయినా ఒక్కోసారి జ్వరమే. "జ్వరం వచ్చినందున బడికి రాలేకపోతున్నాను" అనే మన వాక్యంలాగే కారణం ముందు, పని తర్వాత. అందుకే అది మన నోటికి అంత తేలిగ్గా పట్టింది.

"అవుట్ ఆఫ్ స్టేషన్" విని బయటి దేశాలవాళ్ళు రైల్వే స్టేషను అనుకుంటారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో సైనికాధికారులూ దొరలూ కొలువుండే చోటుని స్టేషన్ అనేవారు, హిల్ స్టేషన్‌లో ఉన్నదీ అదే మాట. ఆ చోటు దాటి వెళ్ళడమే అవుట్ ఆఫ్ స్టేషన్. ప్రభుత్వోద్యోగులు సెలవు చీటీలో "హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళుటకు అనుమతి" ఇప్పటికీ అడుగుతారు, దాని తమ్ముడే ఇది. ఇంగ్లండులో వెలిసిపోయి మన ఉత్తరాల్లో నిలిచిన మరో మాట "డూ ద నీడ్‌ఫుల్", అంటే అవసరమైనది చేయండి అని. దీన్ని తప్పని కొట్టేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. అది ఒకప్పటి చక్కని వ్యాపార ఇంగ్లీషు, ఇక్కడ బతికింది, అంతే. జాగ్రత్త పడాల్సిన మాట వేరే ఉంది: "ఇంజినీరింగ్ పాస్ అవుట్ అయ్యాను." సైనిక శిక్షణ ముగించినవాళ్ళకి పాసింగ్ అవుట్ పరేడ్ ఉంది కానీ, అమెరికాలో ఇంటర్వ్యూకి కూర్చుని ఈ మాటంటే ఎదుటివాళ్ళు స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. అక్కడ "గ్రాడ్యుయేటెడ్" అనాలి.

"రెడ్ టేప్" కూడా కంటితో చూసిందే. లండన్ ఆఫీసుల్లో దస్తావేజులను నిజంగానే ఎర్ర నాడాతో కట్టేవారు. ముడి విప్పాలి, చూడాలి, మళ్ళీ కట్టాలి, ఇంకో బల్లకి పంపాలి. మన తాలూకా కచేరీల్లో దస్త్రాలు గుడ్డలో మూటకట్టి పైన పెట్టేవారు, కాబట్టి ఆగిపోయిన పనిని మనం "అటకెక్కింది" అన్నాం. ఇంగ్లీషువాళ్ళు "షెల్వ్‌డ్" అన్నారు. అలమారైనా అటకైనా ఒకటే.

అదే వీధి మలుపులో టైపు ఇన్‌స్టిట్యూట్. పొద్దున్నే ఆరింటి బ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళతో వీధంతా టకటకలే. "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె." లోయర్ పరీక్షకి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. ఇప్పటి కీబోర్డు మీద ఉన్న మాటలు సగం అక్కడివే. షిఫ్ట్ నొక్కితే మిషనులో ఒక బరువైన భాగం నిజంగా జరిగేది. ఒక్కో కడ్డీ చివర రెండక్షరాలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. జరిగితేనే పెద్దది కాగితానికి తగులుతుంది. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో మోడల్‌తో ఈ ఏర్పాటు మొదలైంది. చిటికెన వేలికి అది ఎంత బరువో నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. వరస చివరకి వస్తుంటే టింగుమని గంట మోగేది, ఎడమచేత్తో లివరు తోసి క్యారేజీని వెనక్కి పంపేవాళ్ళం. రిటర్న్ కీ అంటే ఆ తోపే.

ఈమెయిల్‌లో సీసీ పెట్టే పిల్లలకి కార్బన్ కాపీ చూపించాలనిపిస్తుంది. పైన మంచి కాగితం, దాని కింద కార్బన్, దాని కింద పల్చటి కాగితం. కార్బన్ నల్లగా మెరిసే వైపు కిందికి ఉండాలి. తిరగేసి పెడితే రెండో కాగితం తెల్లగానే ఉంటుంది, పై కాగితం వీపు మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి పడతాయి. పేజీ అంతా కొట్టాకే ఆ సంగతి బయటపడుతుంది. పల్చటి కాగితాలతో నాలుగైదు కాపీల దాకా లాగొచ్చు, కిందికి పోయేకొద్దీ అక్షరం ఒత్తు తగ్గి బూడిదరంగుకి వస్తుంది. తప్పు కొడితే ప్రతి కాపీ మీదా విడివిడిగా రబ్బరుతో చెరపాలి. "వాళ్ళ నాన్న కార్బన్ కాపీ" అని మనం మెచ్చుకోలుగా అంటాం కానీ, ఆ మాటలో అసలుకన్నా కొంచెం వెలిసినదనే నీడ ఉంది. "అచ్చు గుద్దినట్టు వాళ్ళ నాన్నే" అనడంలో ఆ లోటు లేదు. నాకు మన మాటే ఎక్కువ ఇష్టం.

టెలిఫోను దగ్గర రెండు భాషలూ చెరో కాలంలో ఆగిపోయాయి. ఇంగ్లీషులో ఫోను ముగించడాన్ని "హ్యాంగ్ అప్" అంటారు, గోడకి బిగించిన తొలినాటి ఫోన్లలో వినే గొట్టాన్ని కొక్కేనికి వేలాడదీసేవారు కాబట్టి. మన ఇళ్ళకి బల్ల మీది ఫోను వచ్చింది. అందుకని మనం "ఎత్తాడు", "పెట్టేశాడు" అంటున్నాం. ఇప్పుడు ఎత్తేదీ లేదు, పెట్టేదీ లేదు, అయినా "ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు" అనే విసుక్కుంటాం. డయల్ చేయడం అంటే వేలు గుంటలో పెట్టి తిప్పి వదలడం. వెనక్కి తిరిగేటప్పుడు 1కి ఒక పల్సు, 9కి తొమ్మిది, సున్నాకి పది. సెకనుకి పది పల్సులు కాబట్టి సున్నా వెనక్కి రావడానికే ఒక సెకను. ఎస్టీడీ నంబరు సున్నాతో మొదలయ్యేది, లైను దొరకనప్పుడు ఆ ఒక్క సెకను ఎంత పొడుగ్గా ఉండేదో! అంతకుముందు ట్రంకాల్ బుక్ చేసి కూర్చోవడం, ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. "లైన్‌లో ఉండండి" అనే మాట ఆ రోజులది, "హోల్డ్ ద లైన్"కి సరిగ్గా సరిపోయే తెలుగు.

రికార్డు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషులో "బ్రోకెన్ రికార్డ్", తెలుగులో "అరిగిపోయిన రికార్డు". రికార్డు మీద ఒక వైపు అంతా కలిపి ఉండేది ఒకే ఒక్క గాడి, బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. దాని మీద అడ్డంగా గీత పడితే ముల్లు ముందుకి పోలేక పాత చుట్టులోకి జారిపోతుంది. నిమిషానికి 78 చుట్ల రికార్డు అయితే ఒక చుట్టు సెకనులో ముప్పావు వంతు, నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువసేపు పాడే ఎల్పీ రికార్డు అయితే 1.8 సెకన్లు. పాటలో అంత ముక్కే మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఎవరో లేచి ముల్లును చేత్తో ముందుకి జరిపేదాకా. కాబట్టి ఎక్కువ మాట్లాడేవాళ్ళ గురించి ఈ మాట అనకూడదు, అదే ముక్క తిప్పితిప్పి అనేవాళ్ళ గురించే అనాలి. నిజానికి అరిగిపోతే రికార్డు అలా చేయదు, గొంతు మసకబారి బరబరమంటుంది. మనవాళ్ళు అరిగిందన్నది వినీ వినీ అరిగిన చెవుల మాట కావచ్చు.

ఇక అచ్చాఫీసు. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు వేసే ట్రెడిల్ మిషను ప్రతి చిన్న ఊళ్ళోనూ ఉండేది. కాలితో తొక్కుతూ ఒక చేత్తో కాగితం పెట్టడం, ఇంకో చేత్తో తీయడం. సిరా, కిరోసిను కలిసిన ఆ వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గదిలో సగం చెక్క కేసులే. ఇంగ్లీషు కంపోజింగుకి వాలుగా ఒకదాని పైన ఒకటి రెండు కేసులు. పై కేసులో పెద్దక్షరాలు, కింది కేసులో చిన్నవి. ఇవాళ పాస్‌వర్డులో ఒక అప్పర్ కేస్ అక్షరం ఉండాలని బ్యాంకు అడిగేది ఆ పై అరనే. తెలుగుకి పెద్దా చిన్నా తేడా లేదు. దానికి బదులు గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు వేరువేరుగా వందల గళ్ళు. కంపోజిటర్ ఒక శుభలేఖ కూర్చేలోపు కేసుల మధ్య ఎన్నిసార్లు తిరిగేవాడో!

అక్షరం దిమ్మ సీసంతో పోసింది, గట్టిదనానికి అందులో ఆంటిమొనీ, తగరం కలుపుతారు. ఎత్తు అన్నిటికీ 0.918 అంగుళం. ఒకటి అరిగి పొట్టిదైతే అది కాగితానికి తగలదు, మాటలో బొక్క పడుతుంది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కుడిచేత్తో ఒక్కో అక్షరం తెచ్చి తలకిందులుగా పేర్చాలి. దిమ్మ పక్కన ఒక గాడి ఉంటుంది, చూడకుండానే బొటనవేలికి తగిలి అక్షరం ఏ వైపు తిరిగిందో చెబుతుంది. ఇంగ్లీషులో పీ, క్యూ, బీ, డీ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. "మైండ్ యువర్ పీస్ అండ్ క్యూస్", అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసులుకో అనే హెచ్చరికకి చాలా పుట్టుక కథలున్నాయి, కంపోజిటర్ పక్కన నిలబడ్డవాళ్ళకి మాత్రం ఈ కథే సరిగ్గా తోస్తుంది. ఒక్కో అక్షరం దిమ్మని వాళ్ళ భాషలో సార్ట్ అంటారు. ఒక గడి ఖాళీ అయితే, మిగతావన్నీ నిండుగా ఉన్నా పని ఆగిపోతుంది. అచ్చువాళ్ళ "అవుట్ ఆఫ్ సార్ట్స్" అది. మామూలు ఇంగ్లీషులో అదే మాటకి అర్థం నలతగా ఉండటం. పెద్ద జబ్బేమీ కాదు, ఎక్కడో ఒక చిన్న వెలితి, దాంతో రోజు ముందుకి సాగదు.

స్టీరియోటైప్, క్లీషే అనే రెండు మాటలూ ఈ గదిలోవే. కూర్చిన పేజీలను అలాగే ఉంచితే అక్షరాలన్నీ చిక్కుబడి ఉంటాయి, వేరే పనికి దొరకవు. అందుకని కూర్చిన పేజీ మీద తడి కాగితపు గుజ్జు అట్ట పరిచి బ్రష్షుతో కొట్టి అచ్చు తీసేవారు. అది ఆరాక కరిగిన సీసం పోస్తే పేజీ మొత్తం ఒకే రేకుగా వస్తుంది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో ఫిర్మాన్ దిదో ఇలా పేజీని ఒకే రేకుగా పోసే పద్ధతికి స్టీరియోటైప్ అని పేరు పెట్టాడు. ఫ్రెంచి పనివాళ్ళు క్లీషే అన్నారు. రేకులో ఒక తప్పుంటే ఎన్ని వేల ప్రతులు వేసినా అదే తప్పు పడుతుంది. దిద్దాలంటే ఆ ముక్క ఉలితో చెక్కి, కొత్త అక్షరం అతకాలి, అంత ఓపిక ఎవరికి? 1922లో అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ జనం బుర్రల్లో పోతపోసుకుని ఉండే అభిప్రాయాలకి ఈ మాట వాడాడు, ఆ అర్థమే ఇప్పుడు నిలిచింది. మనం దానికి పెట్టుకున్న మాట "మూస". కంసాలి లోహం కరిగించే మూస. మూస సినిమా, మూస ధోరణి. ఫ్రెంచివాళ్ళ సీసమూ, మన కంసాలి బంగారమూ ఒకే చోటికి వచ్చి చేరాయి. తెలుగులో ఇంత సరిగ్గా దిగిన పారిభాషిక పదం ఇంకోటి వెంటనే తోచదు.

కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చాక ఆ అక్షరాలు చాలా ఊళ్ళలో కిలోల లెక్కన సీసం కింద పోయాయి. అంతకుముందు ప్రతి అచ్చు పని చివరా ఒక పని ఉండేది, చూడ్డానికి అదే బాగుండేది. పేజీని కిరోసినుతో కడిగి, తుడిచి, కట్టు విప్పేవారు. కంపోజిటర్ కొన్ని వరసలు ఎడమచేతిలోకి తీసుకుని ఒక్కో మాటా చదువుకుంటూ, ఒక్కో అక్షరాన్నీ దాని గడిలోకి జారవిడిచేవాడు. చి దాని గడిలోకి, సౌ దాని గడిలోకి, శ్రీ దాని గడిలోకి. చెయ్యి తప్పి ఒక్కటి పక్క గడిలో పడిందంటే, రేపు అదే ఇంకొకరి శుభలేఖలో అచ్చుతప్పయి తేలుతుంది. అందుకని ఆ పని చేసేటప్పుడు ఎవరూ పలకరించేవారు కాదు.